బిళ్ళ లేని చెవి

పికుల్‌ని ఆ లోయలో పాడి ఉన్న ప్రతి ఇల్లూ డాక్టరమ్మ అనే పిలుస్తుంది గానీ ఆమె డాక్టరు కాదు. జిల్లా పశువుల ఆఫీసులో సహాయకురాలు. చదువు అయీ అవకముందే ఉద్యోగంలో చేరింది. అప్పటినుంచీ ఎదకొచ్చిన ఆవులకి సూది వెయ్యడం, అడ్డం తిరిగిన దూడని లోపలే సరిచేసి లాగడం, మాయ పడకపోతే చెయ్యి పెట్టి తియ్యడం, ఇదే పని. భుజం దాకా చెయ్యి ఆవు కడుపులో పెట్టి, ఆ చేతినే బకెట్లో కడుక్కుని, ఇంటావిడ ఇచ్చిన జిగురన్నం ముద్దని మిరపకాయ పచ్చడిలో అద్దుకుని తినేసేది. పెళ్ళి మాటెత్తితే, "నా ఒంటి వాసనకి ఓర్చుకునే మగాడు ఎద్దుల్లోనే దొరకాలి" అనేది. చీము, నెత్తురు, కుళ్ళిన మాయ, వీటికి ముఖం తిప్పుకున్న మనిషి కాదు.

ఆమె భయపడేది ఒక్క గాలికుంటుకి. చిన్నప్పుడు వాళ్ళ కొట్టంలోకి వచ్చింది ఆ జబ్బు. పొద్దున ఒక ఆవు చొంగ కారుస్తూ మేత ముట్టలేదు. తండ్రి నోరు తెరిచి నాలుక పట్టుకుంటే నాలుక మీది తోలు తొడుగులా ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. సాయంత్రానికి కొట్టమంతా చొంగే. గిట్టల మధ్య పుండ్లతో నిలబడలేక ఆవులు మోకాళ్ళ మీద పడేవి. దూడలు పొదుగు దగ్గరే చచ్చిపోయాయి. తండ్రి ఉప్పునీళ్ళతో కడిగీ కడిగీ చివరికి మిగిలినవాటిని కోతకి అమ్మేసి, లారీ తోలడానికి పోయాడు. మళ్ళీ ఇంట్లో ఆవు మాట ఎత్తలేదు. పికుల్ ఈ ఉద్యోగంలో చేరింది అందుకే. ఆమె చెల్లెలు లమై మాత్రం ఆవులున్న ఇంటికే కోడలిగా వెళ్ళింది.

లోయకి ఉత్తరాన సున్నపురాయి కొండ పక్కన సర్కారు వారి పశువ్యాధుల ప్రయోగశాల ఎప్పటినుంచో ఉంది. చిన్నది. దాని పక్కనే పెద్దది కడతామన్నారు. పాతదాంట్లో లాగే అందులోనూ బతికున్న పశువులకే గాలికుంటు లాంటి జబ్బులు ఎక్కించి, అవి ఎలా ముదురుతాయో, ఏ మందుకి లొంగుతాయో చూస్తారట. మందు కావాలంటే జబ్బుని చదవాల్సిందే, అది పికుల్‌కీ తెలుసు. కానీ చుట్టూ చూసినంత మేరా పాడి ఆవులే ఉన్నచోట కడితే ఎలా అని రైతులు గోల చేశారు. సర్కారు ఒక కమిటీ వేసింది. ప్రమాదం ఎంతో కమిటీ అంచనా కడుతుంది, దాన్నిబట్టి నిర్ణయం అన్నారు. స్థానికుల తరఫున ఒకరుండాలి కాబట్టి పికుల్‌ని అందులో పెట్టారు.

కమిటీ పెద్ద ప్రొఫెసర్ థనేత్ బ్యాంకాక్ నుంచి వచ్చాడు. నున్నటి మనిషి, నున్నటి మాట. మొదటి రోజే అందరినీ నవ్వించాడు.

"ప్రమాదం లేని పని లోకంలో లేదండీ. అన్నం తింటున్నా పొలమారుతుంది. అలాగని తినడం మానేస్తామా? ప్రమాదం ఉందా లేదా అని కాదు, ఎంత ఉంది, దేనివల్ల ఉంది, అది చెప్పడమే మన పని."

పికుల్‌కి ఆ మాట నచ్చింది. ఇతనికి విషయం తెలుసు అనుకుంది. పాత ప్రయోగశాల లోపలికి తీసుకెళ్ళి చూపించిన ఇంజనీరు కూడా నచ్చాడు. తలుపు తీస్తే గాలి లోపలికే పోవాలి తప్ప బయటికి రాకూడదని ఓ దారపు పోగు వేలాడదీసి చూపించాడు. బయటికొచ్చేటప్పుడు తలంటుకుని, కాండ్రించి ఉమ్మి, ముక్కు చీదాలి. ముక్కులో కూడా జబ్బు పురుగు దాక్కుంటుందట. పికుల్ ఎంత గట్టిగా చీదిందంటే అవతలి గదిలో వాళ్ళు నవ్వారు. చచ్చిన పశువుని ఎముకతో సహా ఉడికించి గంజి చేసే పెద్ద ఉక్కు ట్యాంకు కూడా చూపించారు. ఆమె దానిమీద అరచెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది.

"ఇవాళ పని లేదులెండి," అన్నాడు వెంట ఉన్న సూపర్‌వైజరు.

అంచనాలో తలా ఒక భాగం పంచుకున్నారు. గాలి, తలుపులు ఇంజనీరుకి. వరద, గాలివాన ఇంకొకరికి. పికుల్‌కి పాత ప్రయోగశాల పనివాళ్ళ సంగతి వచ్చింది. లోపలి గదుల్లోకి వెళ్ళేవాడెవడూ వారం దాకా గిట్టలు చీలిన జంతువు దగ్గరికి పోకూడదు, ఆవు గానీ, పంది గానీ, మేక గానీ. ఇంట్లో ఉండనే కూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడు అందరూ లేవని సంతకం పెట్టినవాళ్ళే. ఆ మాట నిజమేనా అని ఇల్లిల్లూ తిరిగి చూడాలి.

మొదటి ఇంట్లో ఇంటావిడ కొబ్బరి నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"ఆవులేమైనా ఉన్నాయా?"

"ఎక్కడివి డాక్టరమ్మా! ఆయనకి ఉద్యోగం రాగానే అమ్మేశాం."

ఇంటి వెనక ఆవు అంబా అంది.

"అది పక్కింటిది," అంది ఇంటావిడ.

"పక్కింట్లో ఎవరుంటారు?"

"మా అత్తగారు."

"మధ్యలో కంచె ఏదీ?"

"వానకి పడిపోయింది."

"ఎప్పటి వానకి?"

"వచ్చే వానకి!" అన్నాడు మొగుడు లోపల్నించి, నవ్వాపుకోలేక. పికుల్ కూడా నవ్వేసింది.

నాలుగైదు ఇళ్ళు తిరిగేసరికి నవ్వు పోయింది. ఆవులు ఉండడం కాదు ఆమెని కొరికింది. ఆ జీతం ఒక్కదాన్నీ నమ్ముకుని ఆవుల్ని అమ్ముకునేవాడు ఆ లోయలో పిచ్చివాడే. కానీ ఒక కొట్టంలో పేడ ఎత్తే మనిషి కాళ్ళకి ప్రయోగశాల ముద్ర ఉన్న నీలం బూట్లు చూసింది. అవి లోపలి గది దాటి రాకూడని బూట్లు. ఇంకోచోట అక్కడి తువ్వాలుతో ఆవు పొదుగు తుడుస్తున్నారు. "మెత్తగా ఉంటుంది డాక్టరమ్మా, నీళ్ళు బాగా పీలుస్తుంది," అని ఆ ఇంటి ముసలమ్మ మెచ్చుకుంటూ తువ్వాలు చేతికిచ్చింది. పికుల్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎక్కడ పడెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

చెల్లెలి ఇల్లు చివరికి మిగిల్చింది. లమై మొగుడు బున్‌సోంగ్ కూడా అక్కడే పశువుల కాపరి. అతనికి తల్లి పేరు మీద ఆవులున్నాయని పికుల్‌కి తెలియకపోవడమేం, వాటికి సూదులేసింది తనే. ఎలా రాయాలా అని తటపటాయిస్తుండగా కబురొచ్చింది, లమై కొడుకు బౌద్ధ సన్యాసం పుచ్చుకుంటున్నాడు, పెద్దమ్మ ముందురోజే రావాలి అని. కుర్రాళ్ళు కొన్నాళ్ళు సన్యాసులవడం అక్కడ ఇంటింటా పెళ్ళంత పండగ.

పికుల్ ముందురోజు కాకుండా, సన్యాసం రోజు పొద్దున్నే వెళ్ళింది. తల గొరిగించుకుని, తెల్లబట్టలు కట్టుకుని కుర్రాడు ముద్దుగా కూర్చున్నాడు. డోళ్ళు, పందిరి, బంధువులు. మగవాళ్ళు చెట్టుకింద సీసాలు తెరిచేశారు. వంటవాళ్ళు పచ్చి మాంసం సన్నగా కొట్టి, నెత్తురూ పిత్తరసమూ కలిపి, వేయించిన బియ్యప్పొడి, పుదీనా జల్లి తలా ఓ పళ్ళెం పెట్టారు. పికుల్‌కి ప్రాణం అది. జిగురన్నంతో మూడు ముద్దలు తిన్నది.

"ఎంత లేతగా ఉందో! ఏ సంతలో కొన్నారు?" అంది.

చెట్టుకింద ఉన్న ఒకడు, బున్‌సోంగ్‌తో పనిచేసేవాడే, పగలబడి నవ్వాడు. "సంతా? సర్కారు వారి ఆవమ్మా ఇది. పన్ను కట్టే ప్రతివాడికీ ఇందులో ముక్క ఉంది, తినండి తినండి!"

మిగతావాళ్ళు వాడి డొక్కలో పొడిచారు. పికుల్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. లేచి, బున్‌సోంగ్‌ని నీళ్ళ తొట్టి వెనక్కి లాక్కుపోయింది.

"చెప్పు."

"తాగి వాగాడక్కా, వాడి మాటేంటి..."

"చెప్పమన్నానా!"

బున్‌సోంగ్ నేల చూపులు చూశాడు. "కాలు విరిగింది దానికి. బయటి కొట్టంలోది, ఇంకా జబ్బు సూది వెయ్యని ఆవు. ట్యాంకులో వెయ్యాలి గానీ ట్యాంకు పాడై చాన్నాళ్ళయింది, సామాను జర్మనీ నుంచి రావాలంట. శవాన్ని ఎక్కడ పెట్టుకుంటాం? కంపు కొట్టకముందే ఎటో ఒకవైపు పంపించెయ్యండ్రా అని సూపర్‌వైజరు గారే అన్నారు."

"ఎటో ఒకవైపంటే నా పళ్ళెంలోకా?"

"మనిషికేం కాదక్కా, మీకు తెలియనిదా."

"మనిషికేం కాదురా. ఆ ఎముక కుక్క ఎత్తుకుపోయి పక్కవాడి గడ్డివాములో పడేస్తే? ఎన్ని ఇళ్ళకి పంచారు?"

"తలా కాస్త..."

"తలకాయ?"

"సూపర్‌వైజరు గారింటికి. చెవులు, గిట్టలు మన చెత్తగుంటలో ఉన్నాయి."

పికుల్ అరటిచెట్ల వెనక్కి పోయి తిన్నదంతా కక్కేసింది. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో కక్కుకోవడం అదే మొదలు. మాంసానికి కాదు. బయట డోళ్ళు మోగుతున్నాయి, పుణ్యం కోసం పిల్లాడు తల గొరిగించుకుని కూర్చున్నాడు, అతిథులు వేళ్ళు నాక్కుంటున్నారు. అది తలచుకుంటే మళ్ళీ వచ్చింది.

తర్వాత ఒక కర్ర తీసుకుని చెత్తగుంట దగ్గరికి నడిచింది. కుక్కల్ని తరిమింది. ఈగలు ముసిరిన గిట్టల్ని ఒక్కొక్కటీ తిప్పి వేళ్ళ మధ్య పుండ్లున్నాయేమో చూసింది. కుక్కలు సగం తినేశాయి, ఏమీ తెలియలేదు. అడుగున ఒక చెవి దొరికింది. బయటి కొట్టం ఆవులకి చెవికి పసుపు బిళ్ళ వేస్తారు, లోపలికి వెళ్ళినవాటికి ఎర్ర బిళ్ళ. ఈ చెవికి ఏ బిళ్ళా లేదు. బిళ్ళ ఉండాల్సిన చోట కత్తితో గుండ్రంగా కోసిన కన్నం ఉంది.

దాన్ని తెచ్చి బున్‌సోంగ్ ముందు పెట్టింది. "బిళ్ళ ఎవరు కోశారు?"

"నాకు తెలీదక్కా. నాకు ఇచ్చేటప్పటికే అలా ఉంది."

"పసుపు బిళ్ళయితే కొయ్యాల్సిన అవసరం ఏమొచ్చింది?"

లమై పరిగెత్తుకొచ్చి ఆ చెవిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, నా కొడుకు సన్యాసం రోజు. ఈ ఒక్కరోజు నోరు మూసుకోలేవా?"

"మింగినదే లోపల ఆగలేదే లమై, మాటెలా ఆగుతుంది?"

పికుల్ ఆ చెవిని సంచిలో కట్టి, చెత్తగుంటలో సున్నం చల్లి, చేతులూ కాళ్ళూ కడుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా బండెక్కింది.

ప్రొఫెసర్ థనేత్ ఊళ్ళో హోటల్లో భోంచేస్తున్నాడు. కాల్చిన కోడిని వేళ్ళతో చీలుస్తూ మొత్తం విన్నాడు. ఎక్కడా ఆశ్చర్యపోలేదు.

"చాలా విచారకరం," అన్నాడు. "కానీ పికుల్ గారూ, ఇది మన పరిధిలోకి రాదు. మనం అంచనా కడుతున్నది కట్టబోయే భవనానికి. ఇది పాత భవనంలో జరిగింది."

"మనుషులు పాతవాళ్ళే కదా సార్?"

"శిక్షణ ఇస్తాం."

"ట్యాంకు పాడైతే శవాన్ని ఏం చేస్తారు?"

"కొత్తదాంట్లో రెండో ట్యాంకు ఉంది. నక్షాలో చూశారుగా."

"నక్షాలో మొదటి ట్యాంకు కూడా పనిచేస్తూనే ఉంది సార్. నేను చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది."

అతను ఎముక చీకి పక్కన పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. "మీ బాధ అర్థమైంది. ఒక వాక్యం రాద్దాం. సిబ్బందిలో అవగాహన మరింత పెంచాలి అని. సరేనా? కోడి తింటారా?"

ఆ గడ్డం మీద మెరుస్తున్న నూనె చూసి పికుల్ కుర్చీ వెనక్కి నెట్టింది. లేచి వచ్చేసింది.

తన పై అధికారికి చెప్పింది. ఆయన బెదిరిపోయి, ఆ చెవిని పరీక్షకి పంపించాడు. అలాంటి పరీక్ష చెయ్యగల చోటు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, అదే ప్రయోగశాల. నమూనా కుళ్ళిపోయింది, పరీక్షకి పనికిరాదని జవాబొచ్చింది. అయినా ఆయన పశువుల సంత మూయించాడు, ఆ పక్క ఊళ్ళ పాల లారీలు ఆపించాడు. మాంసం ఏయే ఇళ్ళకి వెళ్ళిందో ఎవరూ చెప్పలేదు కాబట్టి అందర్నీ ఆపాల్సి వచ్చింది.

పితికిన పాలు పోసుకోవడానికి చోటు లేక కాలవలో పోశారు. ఎండకి పాలు విరిగి, లోయ పొడుగునా పులిసిన కంపు. కాలవ గట్టు తెల్లగా తెట్టె కట్టి ఈగలతో కదిలేది. పికుల్ గుమ్మం ముందు ఒక పొద్దున నాలుగు క్యాన్ల పాలు కుమ్మరించి ఉన్నాయి. చీపురు పట్టుకుని తుడుస్తుంటే దారిన పోయే సనన్ బాబాయి సైకిలాపాడు. ఆయనకి లోయలో అందరికన్నా మంచి ఆవులున్నాయి.

"తుడువమ్మా, తుడువు. మా పిల్లల నోటి దగ్గరి పాలు కాలవ పాలు చేసిన మహాతల్లివి. నీ చెల్లెలి ఇంట్లో కడుపునిండా తిని మా మీద పడ్డావా?"

ఆమె చీపురు గోడకి ఆనించింది. టార్చి తీసుకుని కొట్టం వెంట కొట్టం తిరిగింది. రానిచ్చినచోట పెదాలెత్తి చూసింది, గిట్టలెత్తి చూసింది. ఒకచోట ఆవు చొంగ కారుస్తుంటే పరుగున వెళ్ళి నోరు తెరిచింది. చూస్తే నాలుకలో ముల్లు. కొన్ని ఇళ్ళలో గేటు దగ్గరే ఆపేసి, "చూడకపోతే రోగం రాదులే, మీరు చూస్తేనే వస్తుంది," అన్నారు.

రోగం రాలేదు. ఒక్క ఆవుకీ రాలేదు. సంత తెరిచారు, లారీలు కదిలాయి.

ఆ తర్వాత జనం ముందు కమిటీ సభ పెట్టారు. థనేత్ మైకు పట్టుకున్నాడు. "ఈమధ్య మన లోయ ఒక పరీక్ష ఎదుర్కొంది. అంత జరిగినా ఏమీ కాలేదంటే మన రక్షణ ఎంత గట్టిదో మీరే ఆలోచించండి!" జనం చప్పట్లు కొట్టారు. పాలు పారబోసుకున్నవాళ్ళు కూడా కొట్టారు. బున్‌సోంగ్ పక్కన కూర్చుని మాంసం తిన్నవాళ్ళు అందరికన్నా గట్టిగా కొట్టారు.

పికుల్ లేచింది. "తాగి బండి తోలినవాడు క్షేమంగా ఇల్లు చేరితే, తాగి తోలడం మంచిదని రుజువైనట్టా సార్?"

"మంచి ప్రశ్న," అని థనేత్ నవ్వి, మైకు పక్కవాడికిచ్చాడు. పక్కవాడు భోజనాల ఏర్పాటు గురించి చెప్పాడు. పికుల్ బయటికొచ్చి గోడవార ఉమ్మేసింది. నోట్లో ఏమీ లేకపోయినా ఉమ్మాలనిపించింది. ఆ చప్పట్లు వినపడనంత దూరం వచ్చేదాకా ఉమ్ముతూనే ఉంది.

అంచనా పుస్తకం అచ్చయి వచ్చింది. ప్రమాదం స్వల్పం అన్నారు. ఇంజనీరు రాసిన భాగం బాగుంది, అందులో అబద్ధం లేదు. పికుల్ రాసిచ్చిన నీలం బూట్లు, తువ్వాళ్ళు, కోసిన చెవి మాత్రం మాయమై, వాటి చోట సిబ్బందికి అవగాహన పెంచాలన్న ఒక్క వాక్యం మిగిలింది. సంతకం పెట్టనన్నా సరే, సభ్యుల్లో ఆమె పేరుంది. బ్యాంకాక్ ఆఫీసుకి ఫోన్ చేసి తన పేరు తీసెయ్యమంది.

"ఎవరు చదువుతారక్కా ఇదంతా, మీకెందుకు?" అంది అక్కడి గుమాస్తా పిల్ల.

"చదివేవాళ్ళ కోసం కాదమ్మా. నాకే కంపు కొడుతోంది."

తీసేశారు. మళ్ళీ అచ్చేసినప్పుడు దాంతోపాటు ఆ ఒక్క వాక్యం కూడా తీసేశారు.

ఉద్యోగం పోయింది బున్‌సోంగ్ ఒక్కడిదే. సూపర్‌వైజరుని పెద్ద జీతం మీద కొత్త భవనానికి మార్చారు. లమై అక్కతో మాట మానేసింది. గుడిలో ఎదురుపడితే పక్క మెట్ల మీంచి దిగిపోతుంది. లమై కొడుకు మాత్రం భిక్షకి వచ్చినప్పుడు ఆమె గుమ్మం ముందు ఆగేవాడు. సన్యాసి మాట్లాడకూడదు, పికుల్ అడగకూడదు. గిన్నెలో అన్నం పెట్టి దణ్ణం పెట్టేది.

వానలు మొదలైన రోజుల్లో సనన్ బాబాయి ఫోన్ చేశాడు. తొలిచూలు ఆవు, దూడ కాళ్ళు బయటికొచ్చి ఆగిపోయింది. పికుల్ వెళ్ళేసరికి కొట్టానికి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు ముందు తొట్టిలో సున్నపు నీళ్ళు. తాడుకి ఒక అట్ట, ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళు లోపలికి రాకూడదు అని వంకర అక్షరాలు. ఆయన ఆవు తల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అక్కడే ఆగు. కాళ్ళు ముంచి రా."

"నేను మొత్తుకున్నది ఇదేగా బాబాయ్. అందుకేగా నువ్వు నా గుమ్మం ముందే నన్ను తిట్టింది?"

"తిట్టాను. ఇప్పుడూ తిడతాను, నా పాలు పోయాయి. కాళ్ళు ముంచమన్నానా!"

ఆమె బూట్లు ముంచి, తాడు కిందనుంచి వంగి లోపలికి వెళ్ళింది. ఇద్దరూ కలిసి దూడని లాగారు. పెయ్యదూడ, బతికే ఉంది. సనన్ గడ్డితో దాని ముక్కు తుడిచాడు. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, పక్కనున్న ఆవుల దగ్గరికి ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి, పెదవెత్తి చిగుళ్ళు చూసి, కాలెత్తి గిట్టల మధ్య వేలు పెట్టి చూశాడు. చేయి తిరిగినవాడిలా చూశాడు, రోజూ చేస్తున్న పనే అని తెలిసిపోతోంది.

"మీ వీధిలో అందరూ ఇలాగే కట్టారా తాళ్ళు?" అంది పికుల్.

"ఆఁ. కానీ సభలో అడిగితే ఎవడూ ఒప్పుకోడు." ఆయన చేతులు పంచెకి తుడుచుకున్నాడు. "ఆ ప్రొఫెసరు మళ్ళీ వస్తున్నాడంటగా, భవనం తెరవడానికి? మమ్మల్ని చప్పట్లకి పిలిచారు. భోజనం పెడతారంట."

"వెళ్తావా?"

"వెళ్తాను. ఊరికే వస్తే ఎవడు మానేస్తాడు?"

పికుల్ ఆయన వంక చూసింది. నవ్వు రాలేదు. బకెట్ దగ్గరికి పోయి, సబ్బడిగి తీసుకుని, భుజం దాకా రుద్ది రుద్ది కడుక్కుంది.